8700కే: 5.0లో రాత్రంతా నడుస్తోంది, మధ్యాహ్నం పడిపోతోంది (వైజాగ్)

గాజువాక_గేరు · మే 11, రాత్రి 10:52

నమస్తే అందరికీ. నేను పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. గాజువాకలో మేడమీద ఒక్క గది. అదే స్టూడియో, అదే పడక. రెణ్ణెల్ల క్రితం సెకండ్‌హ్యాండ్‌లో ఐ7-8700కే ప్రాసెసర్, జెడ్370 బోర్డు, 16 జీబీ ర్యామ్ కలిపి కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు నా పాతదే, జీటీఎక్స్ 1060. కూలర్ కూడా అమ్మినాయన ఇచ్చిందే, ఒక్క ఫ్యాన్ ఉన్న టవర్.

వీడియోలు చూసి ఓవర్‌క్లాక్ చేశాను, అంటే ప్రాసెసర్ వేగం పెంచడానికి బయోస్‌లో మల్టిప్లయర్ 50 పెట్టాను, 5.0 గిగాహెర్ట్జ్ అన్నమాట. వోల్టేజీ ఆటోలో వదిలేశాను. రాత్రి ఏసీ వేసుకుని సినీబెంచ్ (ప్రాసెసర్‌కి పూర్తి లోడ్ ఇచ్చే పరీక్ష) పది నిమిషాలు తిప్పితే ఏమీ అవలేదు. ప్రీమియర్‌లో 52 నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్ 46కి దిగింది. ఎగిరి గంతేశాను. మర్నాడు మధ్యాహ్నం అదే ఫైలు 63 శాతం దగ్గర నీలం తెర, విండోస్ క్రాష్. మళ్ళీ పెట్టాను, 40 దగ్గరే పోయింది. రాత్రి పెడితే శుభ్రంగా అయిపోతోంది. దీనికేమైనా దయ్యం పట్టిందా? పెళ్ళికొడుకు నాన్నగారు రోజుకి రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు.

పాతడబ్బా · మే 11, రాత్రి 11:10

దయ్యం పేరు ఉక్కపోత. మే నెల్లో మేడమీద గదిలో మనిషికే ఊపిరాడనప్పుడు ఆ చిప్పుకి ఎలగ ఆడుద్ది బాబూ?

కంచరపాలెం_కెపాసిటర్ · మే 11, రాత్రి 11:31

పాతడబ్బా గారు సగం చెప్పేశారు. మిగతా సగానికి అంకెలు కావాలి తమ్ముడూ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిచి, లోడ్‌లో వీకోర్ (చిప్ కోర్లకి అందే వోల్టేజీ) ఎంత, అత్యధిక ఉష్ణోగ్రత ఎంత, 'థర్మల్ థ్రాట్లింగ్' (వేడికి చిప్ తనే వేగం తగ్గించుకోవడం) దగ్గర అవును అని పడిందా లేదా, ఈ మూడూ రాసి పంపు. రాత్రిదొకటి, మధ్యాహ్నందొకటి. మధ్యాహ్నం పడిపోయినప్పుడు కరెంటు ఉందా, ఇన్వర్టర్ మీద ఉందా అన్నది కూడా చెప్పు.

గాజువాక_గేరు · మే 12, మధ్యాహ్నం 3:05

అన్నా, రాత్రి వీకోర్ 1.41, అత్యధికం 93 డిగ్రీలు, థ్రాట్లింగ్ లేదు. మధ్యాహ్నం 100 తగిలింది, అన్ని కోర్లకీ 'అవును' పడింది, కాసేపటికి నీలం తెర.

కరెంటు సంగతి: ఈ నెల్లో మధ్యాహ్నాలు గంటా రెండు గంటలు పోతోంది. పీసీ ఇన్వర్టర్ మీదే ఉంటుంది. ఏసీకి ఆ లైను ఇవ్వలేదు. అప్పుడు గదిలో సీలింగ్ ఫ్యానే.

ఎంవీపీ_మెగాహెర్ట్జ్ · మే 12, మధ్యాహ్నం 3:40

దొరికింది దొంగ. ఇన్వర్టరే. చవక ఇన్వర్టర్లు స్క్వేర్ వేవ్ ఇస్తాయి, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లకి (పీసీ లోపలి పవర్ సప్లైలకి) అది పడదు. లోడ్ పెరగ్గానే కట్. ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ కొను, ఓవర్‌క్లాక్ జోలికి పోవద్దు, అది బాగానే ఉంది.

కంచరపాలెం_కెపాసిటర్ · మే 12, సాయంత్రం 6:15

మెగాహెర్ట్జ్ గారు చెప్పింది నిజంగా ఉన్న జబ్బే. కానీ ఆ జబ్బుకి నీలం తెర రాదు. స్విచ్ కట్టేసినట్టు నల్లగా ఆరిపోతుంది. ఊహలెందుకు, విండోస్ రాసిపెట్టే ఉంటుంది.

ఈవెంట్ వ్యూయర్ తెరువు. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 వెతుకు. కరెంటు పోయినా, క్రాష్ అయినా 41 పడుతుంది కాబట్టి ఆ అంకె చూసి కంగారు పడొద్దు. దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్‌కోడ్ అని ఉంటుంది. అక్కడ 0 ఉంటే సాధారణంగా కరెంటో, ఎస్‌ఎంపీఎస్సో. సున్నా కాకపోతే సిస్టమ్ తనంతట తనే చచ్చింది. అలాగే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ ఎంట్రీలు, అంటే విండోస్ రాసిపెట్టే హార్డ్‌వేర్ తప్పులు, ఉన్నాయేమో చూడు. 19 నంబరుది సరిదిద్దుకున్న తప్పు, 18ది సరిదిద్దలేని తప్పు.

గాజువాక_గేరు · మే 12, రాత్రి 8:20

బగ్‌చెక్‌కోడ్ 257 అన్నా. మూడుసార్లూ అదే. ఇంకా 19 నంబరువి... లెక్కపెట్టాను, నాలుగు రోజుల్లో 31 ఉన్నాయి. రాత్రి "శుభ్రంగా" అయిందనుకున్న ఎక్స్‌పోర్ట్ టైములో కూడా ఆరు పడ్డాయి!

కంచరపాలెం_కెపాసిటర్ · మే 12, రాత్రి 9:02

257 అక్కడ డెసిమల్‌లో రాస్తారు. హెక్స్‌లోకి మార్చితే 101, క్లాక్ వాచ్‌డాగ్ టైమ్‌అవుట్. ఒక కోర్ మిగతావాళ్ళకి టైముకి జవాబు ఇవ్వలేదని అర్థం. ఓవర్‌క్లాక్ చేసిన మెషీన్‌లో ఇది వస్తే నేను ముందు చూసేది వీకోర్, ఆ తర్వాత వేడి. 292 అని ఉంటే అది 124, డబ్ల్యూహెచ్‌ఈఏ ఎర్రర్. అదీ ఈ ఇంటిదే. ఇన్వర్టర్‌ని వదిలెయ్యండి పాపం.

ఇప్పుడు అసలు సంగతి. రాత్రి నడవడం కూడా నడవడం కాదు. ఆరు తప్పులు చేసి దిద్దుకుంటూ గట్టెక్కింది, అంతే.

1.41 వోల్ట్‌లు నువ్వు పెట్టింది కాదు, బోర్డు పెట్టింది. ఆటోలో వదిలితే ఏ చిప్ అయినా లేవాలని బోర్డు అవసరానికి మించి వోల్టేజీ పోస్తుంది. దాని ఖరీదు లెక్క వేద్దాం. చిప్ పని చేస్తూ తినే కరెంటు క్లాక్‌తో నేరుగా, వోల్టేజీతో వర్గంగా పెరుగుతుంది. ఫ్యాక్టరీ లెక్కన అన్ని కోర్లూ నడిచేటప్పుడు 8700కే 4.3 గిగాహెర్ట్జ్. నీ చిప్ అక్కడ 1.20 తీసుకుంటుందనుకో. 5.0కి 1.35 పెట్టినా, వేగం పెరిగింది 16 శాతం, వేడి పెరిగింది 47 శాతం. 1.41 అయితే 60 దాటుతుంది.

ఇంకొకటి, ఈ తరం చిప్‌కి మూత కింద సోల్డర్ లేదు, పేస్టే. 2018లో వచ్చిన 9900కేతో ఇంటెల్ మళ్ళీ సోల్డర్‌కి వెళ్ళింది. 8700కేలో కోర్ల దగ్గర పుట్టిన వేడి మూతదాకా రావడానికే అవస్థ పడుతుంది. పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఆ మొదటి గుమ్మం దగ్గరే క్యూ.

మామూలు కూలర్ ఏదైనా గది గాలిని మించి చల్లబరచలేదు. ఏసీలో 24, మధ్యాహ్నం నీ గదిలో 34 ఉంటే చిప్ కూడా ఇంచుమించు పది డిగ్రీలు పైన కూర్చుంటుంది. రాత్రి 93 వచ్చిందంటే పగలు 103 రావాలి. 100 దగ్గర చిప్ తనే వేగం తగ్గించుకుంటుంది కాబట్టి అక్కడ ఆగింది. వేడెక్కిన కొద్దీ అదే వోల్టేజీ దగ్గర స్థిరత్వం కూడా తగ్గుతుంది. రాత్రి అంచుమీద నిలబడ్డది పగలు జారింది.

పాతడబ్బా · మే 12, రాత్రి 9:30

నానెప్పుడో సెప్పాను ఉక్కపోతని. ఇంత లెక్క కట్టాలేటి?

మాకాలంలో సెలెరాన్ 300ఏ అని ఉండేది, 1998. బస్ 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450. అదీ ఓవర్‌క్లాక్ అంటే. సగానికి సగం ఊరకే వచ్చీది. ఇప్పుడు కంపెనీవోడే పిండీసి అమ్ముతన్నాడు, మనకి మిగిలింది పిప్పి.

మధురవాడ_రెండర్ · మే 12, రాత్రి 10:14

తమ్ముడూ, నేను ఆర్కిటెక్ట్‌ల దగ్గర 3డీ పని చేస్తాను. రాత్రంతా రెండర్‌లు పెట్టి పడుకునేదాన్ని కాబట్టి చెప్తున్నాను: నీలం తెరకి భయపడకు, అది నిజం చెప్పే శత్రువు. నాకు దెబ్బ కొట్టింది వేరే.

నాది రైజెన్ 5600ఎక్స్ ప్రాసెసర్. కర్వ్ ఆప్టిమైజర్‌లో (కోర్‌కి అందే వోల్టేజీ తగ్గించే సెట్టింగు) అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టాను, ఎవరో ఫోరమ్‌లో అదే పెట్టుకోమన్నారని. సినీబెంచ్ అరగంట, ఓసీసీటీ అనే ఇంకో బరువు పరీక్ష గంట, అన్నీ పాస్. తర్వాత రోజు మెయిల్ చదువుతుంటే రీస్టార్ట్ అయింది. లోడ్ లేదు, వేడి లేదు. వారంలో నాలుగుసార్లు. ర్యామ్ మార్చాను, ఎస్‌ఎంపీఎస్ మార్చాను, షాపు కుర్రాడు బోర్డు పోయిందన్నాడు. తీరా చూస్తే తక్కువ పనిలో ఒక్క కోర్ 4.6దాకా ఎగిరేటప్పుడు ఆ తగ్గించిన వోల్టేజీ దానికి చాలట్లేదు. అన్ని కోర్లూ కలిసి పరిగెత్తేటప్పుడు ఎవరూ అంత పైకి వెళ్ళరు, అందుకే బరువు పరీక్షలో దొరకలేదు. కోర్‌సైక్లర్ అనే చిన్న స్క్రిప్ట్ ఒక్కొక్క కోర్‌ని విడిగా పరీక్షిస్తుంది, అదే పట్టుకుంది. ఇప్పుడు మంచి కోర్లు రెండిటికీ మైనస్ 10, మిగతావాటికి మైనస్ 22. ఏడాదిగా చప్పుడు లేదు.

అందుకే నీకు నా సలహా: 46 నిమిషాల దగ్గర ఆగే ఎక్స్‌పోర్ట్ కన్నా 52 నిమిషాల దగ్గర పూర్తయ్యే ఎక్స్‌పోర్ట్ వేగమైనది.

సీతమ్మధార_సీపీయూ · మే 12, రాత్రి 10:40

నాది ఐ5-10400, బీ460 బోర్డు. నేనూ చెయ్యొచ్చా?

మధురవాడ_రెండర్ · మే 12, రాత్రి 10:43

లేదు నాన్నా. పేరు చివర కే లేదు, మల్టిప్లయర్ తాళం వేసి ఉంటుంది. ఆ జోడీలో ర్యామ్ కూడా 2666 దాటదు. డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకో.

అక్కయ్యపాలెం_13 · మే 13, ఉదయం 7:50

నాది 13700కే. నాక్కూడా సలహా ఇవ్వండి, 5.6 అన్ని కోర్లకీ...

కంచరపాలెం_కెపాసిటర్ · మే 13, ఉదయం 8:30

ఆగు ఆగు. ముందు బయోస్ అప్‌డేట్ చేశావా? 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజీ అడిగి తమని తామే పాడుచేసుకున్నాయి. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు (బయోస్‌తో వచ్చే చిప్ సవరణలు) వచ్చాయి. ఆ మందు ఇకముందు పాడవకుండా కాపాడటానికే, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగుచెయ్యదు. ఇంటెల్ వారంటీ కూడా రెండేళ్ళు పెంచింది. బయోస్ వేసి, ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగుల్లో నెల వాడి, అప్పుడు వేరే థ్రెడ్ తెరువు.

లాసన్స్‌బే_లాప్‌టాప్ · మే 13, ఉదయం 9:05

డీలిడ్ చేసి, అంటే చిప్ మూత ఊడదీసి, పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ పూస్తే 8700కే పదీ పదిహేను డిగ్రీలు దిగుతుంది కదా? ఎవరూ చెప్పరేం?

కంచరపాలెం_కెపాసిటర్ · మే 13, ఉదయం 9:20

దిగుతుంది. అది గాలియం కలిసిన లోహం. అల్యూమినియాన్ని తినేస్తుంది, బోర్డుమీద చుక్క పడితే షార్ట్. అన్నం పెట్టే మెషీన్ మీద మొదటి ప్రయోగం వద్దు, అందుకే ఆ మాట ఎత్తలేదు.

తమ్ముడూ గేరు, నువ్వు అంతకన్నా ముందు కూలర్ ఒకసారి విప్పి చూడు. 1.41 అయినా 24 డిగ్రీల గదిలో 93 నాకు ఎక్కువగానే అనిపిస్తోంది.

గాజువాక_గేరు · మే 13, రాత్రి 9:48

అన్నా, విప్పాను. చెప్తే నవ్వుతారు.

నాలుగు స్క్రూల్లో ఒకటి వేలితోనే తిరిగింది. కూలర్ తీస్తే పేస్ట్ ఎండి సున్నం పెచ్చులా రాలింది. చిప్ మూతమీద ఒక పక్క సగం మాత్రమే బూడిదరంగు అచ్చు ఉంది, రెండో పక్క అక్షరాలు తళతళా కనిపిస్తున్నాయి. అంటే ఇన్నాళ్ళూ కూలర్ ఒంటికాలిమీద నిలబడింది. ఫిన్నుల మధ్య దుమ్ము దూదిలా పరుచుకుంది, బ్రష్‌తో లాగితే చాపలా ఒక్క ముక్కగా ఊడొచ్చింది.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. సెట్టింగులేమీ ముట్టకుండా రాత్రి అదే పరీక్ష: 93 కాస్తా 84.

పెదవాల్తేరు_ఉప్పుగాలి · మే 13, రాత్రి 10:20

సముద్రం పక్కన ఉన్నవాళ్ళు ఈ పని రెణ్ణెల్లకోసారి చెయ్యాలి. మా ఇంట్లో క్యాబినెట్ స్క్రూలు ఆరు నెలలకే తుప్పు పడతాయి, కూలర్ ఫిన్నుల అంచులకి తెల్లపొడి పట్టేస్తుంది. సాయంత్రం గాలి బాగుందని బీచ్ వైపు కిటికీ పక్కన పీసీ పెట్టేవాళ్ళు చాలామంది. మనకి హాయి, బోర్డుకి ఉప్పు. కిటికీకి దూరంగా ఉన్న గోడ దగ్గర, నేలకి జానెడు ఎత్తులో పెట్టండి.

పాతడబ్బా · మే 13, రాత్రి 10:31

హుద్‌హుద్‌లో మా కిటికీ తలుపే ఎగిరిపోనాది. ఉప్పునీళ్ళు నేరుగా క్యాబినెట్‌లోకే. డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి నాలుగు రోజులు ఎండబెడితే మళ్ళీ లేచింది ముండ. ఇంకా వాడతన్నాను.

కంచరపాలెం_కెపాసిటర్ · మే 13, రాత్రి 11:00

శభాష్. ఇప్పుడు మొదట్నుంచి మొదలుపెడదాం. అన్నీ డిఫాల్ట్‌కి తెచ్చెయ్. ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే ప్రొఫైల్) కూడా తీసెయ్, ర్యామ్ తప్పు సీపీయూ మీద పడకూడదు. బోర్డులో మల్టీ-కోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అని ఉంటే ఆపెయ్, అది నీకు చెప్పకుండా అన్ని కోర్లనీ 4.7కి లాగుతుంది.

మల్టిప్లయర్ 46 పెట్టు, వోల్టేజీ చేత్తో 1.22. ఎల్ఎల్‌సీ మధ్యలెవెల్. లోడ్ పడగానే వోల్టేజీ కొంచెం కుంగుతుంది, ఆ కుంగుడుని పట్టి ఉంచేది ఎల్ఎల్‌సీ. దాన్ని చివరిదాకా లాగితే లోడ్ వదిలినప్పుడు వోల్టేజీ పైకి ఎగిరి చిప్‌కి దెబ్బ, అసలు పెట్టకపోతే లోడ్‌లో కుంగి క్రాష్. పదిహేను నిమిషాలు సినీబెంచ్, డబ్ల్యూహెచ్‌ఈఏ లాగ్ చూడు, శుభ్రంగా ఉంటే ఒక మెట్టు ఎక్కు. పడిపోతే 0.01 పెంచు. గాలి కూలర్ మీద నేనైతే 1.35 గీత దాటను. లోడ్‌లో 85 దాటితే వెనక్కి.

అసలు షరతు ఇది: పరీక్షలన్నీ మధ్యాహ్నం, ఏసీ ఆపి, కిటికీలు మూసి. మే నెల్లో పాసైంది డిసెంబరులో ఫెయిలవడం నేను చూళ్ళేదు.

బూట్ కాకపోతే కంగారు వద్దు. ప్లగ్ తీసి, బోర్డుమీద నాణెంలా ఉన్న సీఆర్2032 బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెడితే బయోస్ మామూలైపోతుంది.

ఎంవీపీ_మెగాహెర్ట్జ్ · మే 13, రాత్రి 11:15

సినీబెంచ్ పరీక్షేంటండీ. ప్రైమ్95 పరీక్షలో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ, ఏవీఎక్స్ (చిప్‌ని బాగా వేడెక్కించే బరువు లెక్కలు) ఆన్‌లో, 24 గంటలు. అది పాసైతేనే స్టేబుల్. మిగతావన్నీ కబుర్లు.

మధురవాడ_రెండర్ · మే 13, రాత్రి 11:34

అబ్బాయికి కావాల్సింది పెళ్ళి వీడియో బయటికి రావడం, మీ సర్టిఫికెట్ కాదు. ప్రైమ్95 ఏవీఎక్స్‌తో పుట్టే వేడి ఏ ఎడిటింగ్‌లోనూ రాదు. దానికోసం వోల్టేజీ పెంచుకుంటూ పోతే లేని శత్రువుకి కోట కట్టినట్టే. కానీ వీడియో ఎన్‌కోడర్లు ఏవీఎక్స్ బాగా వాడతాయి, కాబట్టి పూర్తిగా వదిలెయ్యనూ కూడదు. ఓసీసీటీ ఒక గంట, తర్వాత తన అసలు ప్రాజెక్టే మూడుసార్లు వరసగా ఎక్స్‌పోర్ట్. అంతకు మించిన పరీక్ష లేదు. చివర్లో ఎక్స్‌ఎంపీ తిరిగి వేసి, రాత్రి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోవాలి.

అవునూ తమ్ముడూ, ప్రీమియర్‌లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ (ఆ పని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించడం) ఎందుకు వాడట్లేదు? ఇదంతా దాంతోనే తీరిపోయేదేమో.

గాజువాక_గేరు · మే 14, ఉదయం 8:10

అక్కా, ఫైనల్ కాపీకి వీబీఆర్ టూ-పాస్ పెడతాను, వీడియోని రెండుసార్లు చదివి క్వాలిటీ సర్దుతుంది. అది ఎంచుకోగానే హార్డ్‌వేర్ ఆప్షన్ పోయి సాఫ్ట్‌వేర్‌కి వచ్చేస్తుంది. మండపంలో రంగు లైట్లు, తలంబ్రాల షాట్లలో బ్లాకులు బ్లాకులుగా కనిపిస్తే నాకు నచ్చదు.

మధురవాడ_రెండర్ · మే 14, ఉదయం 8:25

సరే, ఫైనల్‌కి అలాగే కానీ. కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపే శాంపిల్‌కి కూడా టూ-పాస్ ఎందుకు? దానికి హార్డ్‌వేర్ వాడు, నీ రోజులో సగం వేడి అక్కడే తగ్గుతుంది.

గాజువాక_గేరు · మే 17, సాయంత్రం 5:40

మూడు మధ్యాహ్నాలు చెమటలు కక్కుతూ కూర్చున్నాను. అమ్మ పైకొచ్చి "కిటికీలు మూసుకుని ఏం చేస్తున్నావురా, ఆవిరి పట్టుకుంటున్నావా" అంది.

46 మొదటిసారే నిలబడింది. 47కి 1.22 చాల్లేదు, లాగ్‌లో రెండు పడ్డాయి. 1.24 పెడితే శుభ్రం. 48కి 1.29 అడిగింది, వేడి 88. 49కి 1.34 పెట్టినా ఓసీసీటీ పన్నెండో నిమిషంలో తప్పు చూపించింది, ఇక 5.0 జోలికి పోలేదు.

47 దగ్గర ఆగాను. గదిలో థర్మామీటర్ 34, చిప్ అత్యధికం 79. ఎక్స్‌పోర్ట్ 48 నిమిషాలు. మూడు వరస ఎక్స్‌పోర్ట్‌లు, డబ్ల్యూహెచ్‌ఈఏ లాగ్ ఖాళీ. ఎక్స్‌ఎంపీ 3200 వేసి మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు, సున్నా తప్పులు. ఫ్యాన్ చప్పుడు కూడా తగ్గింది.

ఎంవీపీ_మెగాహెర్ట్జ్ · మే 17, సాయంత్రం 6:02

4.7 అంటే సింగిల్ కోర్ టర్బో కంపెనీవాడు ఇచ్చిందే కదా. దీన్ని ఓవర్‌క్లాక్ అంటారా?

పాతడబ్బా · మే 17, సాయంత్రం 6:05

ఒక్క కోర్‌కి ఇచ్చింది ఆరు కోర్లకీ తెచ్చుకున్నాడు గదేటి. ఊరుకోండి మాస్టారూ.

కంచరపాలెం_కెపాసిటర్ · మే 17, సాయంత్రం 6:30

46 నిమిషాలకీ 48కీ మధ్య తేడా టీ చల్లారేంత. బాగా ఆగావు. ఒక్క పని మర్చిపోకు: బయోస్‌లో ప్రొఫైల్‌గా సేవ్ చేసి, స్క్రీన్‌ని ఫోన్‌లో ఫొటో కూడా తీసి పెట్టుకో. బయోస్ అప్‌డేట్ చేస్తే సేవ్ చేసిన ప్రొఫైళ్ళు కూడా ఎగిరిపోవచ్చు. వానలు మొదలయ్యాక స్క్రూలు ఇంకోసారి చూడు.

గాజువాక_గేరు · మే 18, మధ్యాహ్నం 2:20

సేవ్ చేశాను అన్నా, ఫొటో తీశాను. ఇప్పుడే కరెంటు పోయింది, ఎక్స్‌పోర్ట్ 71 శాతంలో ఉంది, ఏసీ ఆగింది. చూద్దాం.

గాజువాక_గేరు · మే 18, మధ్యాహ్నం 2:41

అయిపోయింది. లాగ్ ఖాళీ. పెన్‌డ్రైవ్‌లో వేసి పెళ్ళికొడుకు నాన్నగారికి ఫోన్ చేశాను. అప్పగింతల దగ్గర పాట మార్చమన్నారు.